సింగపూర్ పచ్చ హోటళ్లు: ఏసీ లేని కారిడారే అసలు పరీక్ష

సింగపూర్‌లో హోటల్ కోసం వెతికితే తనను తాను "గ్రీన్" అని చెప్పుకోని హోటల్ దొరకడం కష్టం. తువ్వాలు మళ్లీ వాడండి అని బాత్రూంలో కార్డు పెట్టి, దాని పక్కనే ప్లాస్టిక్ కవర్లో దువ్వెన పెట్టేవాళ్లు కూడా ఆ జాబితాలోనే ఉంటారు. అందుకే ఈసారి నేను చూసుకున్నది ఒక్కటే: గది తలుపు తీసి బయటికొస్తే అక్కడ కూడా ఏసీ నడుస్తోందా? భూమధ్యరేఖకు అంత దగ్గరున్న ఊళ్లో, మనుషులు తిరగని కారిడార్‌ని రాత్రింబవళ్లు చల్లబరచడం కన్నా దండగ పని ఇంకోటి లేదు.

పార్క్‌రాయల్ కలెక్షన్ పికరింగ్ ఇందులో నెగ్గింది. చైనాటౌన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. స్థానిక ఆర్కిటెక్టుల సంస్థ వోహా డిజైన్ చేసిన ఈ హోటల్ 2013లో మొదలైంది. కింది అంతస్తులు కొండవాలులో వరిమళ్లలా వంపులు తిరిగి ఉంటాయి. పైన నాలుగేసి అంతస్తులకు ఒక వేలాడే తోట. తోటలు, నీటి మడుగులు, పచ్చ గోడలు అన్నీ కలిపితే 15,000 చదరపు మీటర్లు, అంటే హోటల్ స్థలానికి రెట్టింపు.

ఇక కారిడార్ సంగతి. చల్లటి గదిలోంచి కాలు బయట పెట్టగానే కళ్లద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూస్తే చేతికందే దూరంలో ఆకులు, రాళ్లు పరిచిన దారి, పైనుంచి పగటి వెలుతురు. ఉక్కగానే ఉంటుంది, అబద్ధమెందుకు? కానీ గాలి ఆడుతుంది, లిఫ్ట్ దాకా ఆ కాస్త దూరానికి ఎవరికీ ఏమీ కాదు. పై అంతస్తుల్లో పట్టిన వాననీరు మోటారు అక్కర్లేకుండా తనంతట తానే కింది మొక్కలకు దిగుతుంది. అది చాలకపోతే న్యూవాటర్, అంటే మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ వాడే సింగపూర్ నీళ్లు. తోటల్లో దీపాలకు కరెంటు పైకప్పు మీది సోలార్ పలకల నుంచే వస్తుంది. గదిలో తాగునీటికి ఫిల్టర్ కుళాయి ఉంది, సీసాల గొడవ లేదు.

తంజోంగ్ పగార్‌లోని ఒయాసియా హోటల్ డౌన్‌టౌన్ కూడా వోహాదే. 2016 నాటి 27 అంతస్తుల టవర్. చుట్టూ గాజు మేడలుంటే దీనికి మాత్రం ఎర్రటి అల్యూమినియం జాలీ, దాని మీద 21 రకాల తీగలు. ఇన్ని రకాలెందుకంటే, ఎండా నీడా గాలీ ఒక్కో వైపు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఎక్కడ ఏది బతకగలదో అక్కడ అది పాకుతుంది. నాకు తీగల కన్నా నచ్చింది లోపలి ఉపాయం. లిఫ్టులూ మెట్లూ నడుమ పెట్టకుండా నాలుగు మూలలకు జరిపారు. దాంతో మధ్యలో పెద్ద పెద్ద వసారాలు ఖాళీగా దొరికాయి, గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నేరుగా పోతుంది. ఎత్తైన భవనాల అంతర్జాతీయ మండలి సీటీబీయూహెచ్ 2018లో దీన్ని ప్రపంచంలోని ఎత్తైన భవనాల్లో ఉత్తమమైనదిగా ఎంచింది. అర్హమైనదే.

ఆర్చర్డ్‌లో 2023లో వచ్చిన పాన్ పసిఫిక్ కూడా వాళ్ల పనే. అడవి, బీచ్, తోట, మేఘం అని నాలుగు పెద్ద టెర్రస్‌లు. ఫొటోలకు అదిరిపోతుంది కానీ ఊరి నడిబొడ్డున, అంతస్తుల మధ్య బీచ్ అంటే నాకు కాస్త అతిగానే అనిపించింది. పైగా అక్కడ రేట్లు చూశాక లాబీతోనే సరిపెట్టుకున్నాను.

పిల్లలతో వెళ్లేవాళ్లకు పికరింగ్, ఆఫీసు పని మీద వెళ్లేవాళ్లకు స్టేషన్ పక్కనే ఉన్న ఒయాసియా. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే మాత్రం జాగ్రత్త: 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్‌టీ అదనం. 300 డాలర్లన్న గది కట్టేసరికి దాదాపు 360 అవుతుంది. పికరింగ్‌లో బుక్ చేసేటప్పుడు అందరిలా పై అంతస్తు అడక్కండి, తోట ఉన్న అంతస్తు అడగండి.