పడవ ట్రైలర్ లాగడానికి ఫోర్ వీల్ డ్రైవా, మామూలు కారా?

హుస్సేన్ సాగర్‌లో దింపే చిన్న తెరచాప పడవను ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద లాగడానికి ఫోర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే బండి, అక్కర్లేదు. ముందు కారు మాన్యువల్‌లో టోయింగ్ పరిమితి, అంటే కారు ఎంత బరువు లాగగలదో చూడండి. ఆ అంకె లేకపోతే ట్రైలర్ తగిలించే హుక్ బిగించొద్దు. బ్రేకు ఏ కారులోనైనా నాలుగు చక్రాలకూ పడుతుంది, కాబట్టి ఆపడంలో ఫోర్ వీల్ డ్రైవ్‌కి ప్రత్యేక లాభం లేదు. పెద్ద బండికి కలిసొచ్చేది దాని బరువు, ట్రైలర్ దాన్ని అంత తేలిగ్గా తోసెయ్యలేదు. ట్రైలర్ ఊగేది ఎక్కువగా బరువు వెనక్కి పడ్డప్పుడే. ట్రైలర్ మొత్తం బరువులో సుమారు 10 శాతం హుక్ మీద పడేలా సామాను ముందుకు జరపాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా గెలిచేది పడవను నీళ్లలోకి దింపే, పాచి పట్టిన ర్యాంపు మీద. హుక్ మీది బరువు ముందు చక్రాలను తేలిక చేస్తుంది కాబట్టి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు అక్కడ జారుతుంది. పైకి రాగానే టూ వీల్‌కి మార్చండి. పార్ట్ టైమ్ (అవసరమైనప్పుడే వేసుకునే) ఫోర్ వీల్‌తో పొడి తారు మీద మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుని టైర్లు అరిగిపోతాయి.