ఊలు జోలికి పోకుండా నేరుగా దారంతోనే క్రోషియా నేర్చుకుంటే ఎలా ఉంటుంది

క్రోషియా, అంటే కొక్కెం ఉన్న సూదితో చేసే అల్లిక, నేర్చుకోవాలంటే ముందు లావు ఊలుతో చెయ్యి తిరగనివ్వండి, సన్న దారం సంగతి తర్వాత చూసుకోవచ్చు అని వీడియోల్లో అందరూ చెప్తారు. వాళ్ల చలి వాళ్లది. మన వరంగల్‌లో సంక్రాంతికి అటూ ఇటూ కొన్నాళ్లు తప్ప ఊలు మఫ్లరు అల్లి ఎవరి మెడకు చుట్టాలి? నేను నేరుగా కాటన్ దారమే పట్టాను. పోయినేడాది నుంచి దాదాపు రోజూ అల్లుతున్నాను. దిండు గలీబులకు అంచులు, దేవుడి పటాల కింద వేసే గుండ్రటి లేసులు, ఓ గుమ్మం తోరణం అయ్యాయి. మొదటి నెల కష్టమే, ఆ మాట దాచను, కానీ అల్లింది ఇంట్లో పనికొస్తుంటే మళ్లీ సూది పట్టాలనిపిస్తుంది.

డబ్బులు పెట్టాల్సింది సూది మీద, దారం మీద కాదు. ఆన్‌లైన్‌లో రంగురంగుల పిడులతో డజను సూదుల సెట్లు చవకగా వస్తాయి. నాకొచ్చిన సెట్‌లో కొక్కెం లోపల గరుకు అలాగే వదిలేశారు, లాగిన ప్రతిసారీ దారం పోగులు విడిపోయేవి, కొత్తవాళ్లేమో అది తమ చేతి లోపమే అనుకుని మానేస్తారు. కొనేముందు కొక్కేన్ని పాత నైలాన్ చున్నీ మీద ఒకసారి లాగి చూడండి, పోగు పట్టిందంటే ఆ సూది వద్దు. హనుమకొండ చౌరస్తా దగ్గర బటన్లు, లేసులు అమ్మే దుకాణంలో విడిగా కొన్న పోనీ కంపెనీ స్టీలు సూది మాత్రం ఇప్పటికీ నున్నగానే ఉంది. దాని పిడి మరీ సన్నం, గంట అల్లేసరికి బొటనవేలు గుంజుతుంది. పిల్లల పెన్సిళ్లకు వేసే రబ్బరు గ్రిప్ తొడిగాక చాలా నయం.

సైజుల దగ్గర కాస్త జాగ్రత్త. దారం నంబర్ పెరిగేకొద్దీ సన్నబడుతుంది, అంటే 10 లావు, 20 దానికన్నా సన్నం, 40 ఇంకా సన్నం. అమెరికా లెక్కలో స్టీలు సూదులూ అంతే, నంబర్ పెద్దదైతే సూది సన్నం, అందుకే నంబర్ వదిలేసి మిల్లీమీటర్లే చూడండి. 10 నంబర్ దారానికి 1.5 మి.మీ సూదితో మొదలుపెట్టండి, అల్లిక వదులుగా వస్తుంటే 1.25కు దిగండి. రంగు తెలుపో, లేత గులాబీనో తీసుకోండి. నల్ల దారంతో ట్యూబ్‌లైటు కింద కుట్లు లెక్కపెట్టడం కళ్లకు శిక్ష.

మెర్సరైజ్డ్ అని రాసి ఉన్న దారమే కొనండి. నూలును లాగి పట్టి కాస్టిక్ సోడాలో ముంచి తీస్తారు, దాంతో మెరుపూ బలమూ వస్తాయి, విప్పి మళ్లీ అల్లినా త్వరగా నూగు లేవదు. నేర్చుకునేటప్పుడు సగం టైం విప్పడానికే పోతుంది మరి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లకు బండ్లు వస్తుంది, అదే ఊళ్లో 10 నంబర్ దారం అడిగితే రెండు మూడు రంగులు చూపించి ఇంతే అన్నారు. మిగతావి ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాను.

బడిలో లేసు నేర్చుకున్న మా పెద్దమ్మ నా మొదటి గుండ్రటి ముక్క చూసి "ఏం బిడ్డా, టోపీ అల్లినవా?" అంది. అంచులు అట్లా గిన్నెలా పైకి లేస్తే కుట్లు తక్కువ పడ్డట్టు, అలలు అలలుగా వస్తే ఎక్కువైనట్టు. వీడియోల్లో డబుల్ క్రోషే అనే పొడుగు కుట్టుతో అయితే మొదటి చుట్టుకు 12, తర్వాత 24, తర్వాత 36, ఇలా ప్రతి చుట్టుకూ 12 పెంచుకుంటూ పోతే బల్లపరుపుగా వస్తుంది. చుట్టు మొదలైన చోట పిన్నీసు పెట్టుకుంటే లెక్క తప్పదు. ఇంకో సంగతి, పెద్దమ్మ ట్రెబుల్ అనేదాన్ని వీడియోల్లో డబుల్ అంటారు. ఆమెది బ్రిటిష్ పద్ధతి, వీళ్లది అమెరికాది. డిజైన్ పట్టేముందు ఏ పద్ధతిలో రాశారో చూసుకోకపోతే కొలతంతా మారిపోతుంది.

అల్లిన వెంటనే లేసు నలిగి వికారంగా కనిపిస్తుంది, బెంగ పడొద్దు. ఉతికి, పలచటి గంజిలో ముంచి, థర్మాకోల్ మీద గుండుసూదులతో లాగి గుచ్చి ఆరబెడితే అప్పుడు తెలుస్తుంది డిజైన్ ఏంటో. తుప్పు పట్టని గుండుసూదులే వాడండి, ఆ మరక ఓ పట్టాన పోదు.

మే నెలలో మాత్రం విసుగొస్తుంది. చెమటకు సూది జారుతుంది, తెల్ల దారం మాసిపోతుంది, కూలర్ ముందు కూర్చుంటే దారం ఉండ ఇల్లంతా దొర్లుతుంది. ఉండను మూతున్న డబ్బాలో పెట్టి మూతకు బొక్క చేశాను, చేతికి కాస్త పౌడర్ రాసుకుంటున్నాను. అయినా ఆ నెలంతా ఉదయం పూటే పని.

2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన నర్సాపురం క్రోషియా లేసులు ఎగ్జిబిషన్లలో కనిపిస్తే ఇదివరకు బేరం ఆడేదాన్ని. ఇప్పుడు తిప్పి చూసి, కుట్ల వరసలు లెక్కపెట్టి, అడిగినంత ఇచ్చేస్తున్నాను.

చీర కొంగు కుచ్చుల కోసమే నేర్చుకుందామనుకునేవాళ్లు కాస్త ఆగండి. సిల్క్ దారం జారుతుంది, ముడి నిలవదు, పైగా ఎవరిదో పట్టుచీర చేతిలో ఉంటే టెన్షన్ వేరే. అదే 10 నంబర్ దారంతో ఓ రెండు గలీబుల అంచులు పూర్తి చేశాక ఆ పని ఒప్పుకోండి.