అరిగిన నట్టుకు ఏది మేలు: ఎక్స్‌ట్రాక్టర్ సాకెటా, నట్ స్ప్లిటరా?

నాట్ల సీజన్ వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, నట్టు మూలలు పోయినయ్, పానా జారుతోంది, ఏం కొనాలె?" సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా, మిర్యాలగూడ వైపు, వానాకాలం ఒకసారి, యాసంగికి ఒకసారి ట్రాక్టర్లు దమ్ములోకి దిగుతాయి. బురదలో నానిన నట్లు ఆ తర్వాత షెడ్డు పక్కన పడి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వాటికి పన్నెండు మూలల రింగ్ పానా పెట్టి, పైగా పైపు తగిలించి లాగితే మూలలు అరగక ఏమవుతాయి? మొదటే ఆరు మూలల సాకెట్ వాడితే చాలామందికి ఈ తిప్పలే ఉండవు. సరే, అరిగిపోయింది.

అందరూ అడిగేది ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ గురించే. లోపల మెలితిరిగిన గాట్లు ఉంటాయి. సుత్తితో నట్టు మీదికి దిగగొట్టి విప్పే వైపు తిప్పితే, తిప్పేకొద్దీ ఇంకా గట్టిగా కరుస్తుంది. నట్టుకైనా, బోల్టు తలకైనా పనికొస్తుంది. మంచి సామానే. కానీ అది జారకుండా పట్టుకుంటుందంతే, మరల్లోని తుప్పును ఏమీ చేయదు.

పోయిన యాసంగికి ముందు మా ట్రాక్టర్ సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను సైలెన్సర్‌లోకి పంపే గొట్టం) దగ్గర 17 పానా పట్టే నట్టుకు అదే సాకెట్ పెట్టాను. పట్టు బ్రహ్మాండంగా దొరికింది. బార్ మీద బరువు వేస్తే టక్‌మంది. ఊడిందనుకున్నా. చూస్తే స్టడ్డే (ఇంజిన్‌లోకి మరలతో దిగి ఉండే తలలేని బోల్టు) తెగి నట్టుతో పాటు వచ్చేసింది, మిగతా ముక్క ఇంజిన్ హెడ్‌లోనే ఉండిపోయింది. డ్రిల్ వేసి, ముక్క తీసి, ట్యాప్‌తో మరలు మళ్లీ కోయించేసరికి రెండు రోజులు పోయాయి. పక్క పొలాల్లో అప్పటికే నాట్లు పడుతున్నాయి.

అందుకే నేను ముందు చూసేది నట్టును కాదు, నట్టు వెనక ఏముందో. కల్టివేటర్‌లోలాగా అవతలికి పోయే బోల్టయితే తెగినా నష్టం లేదు, కొత్తది వేసుకోవచ్చు. అక్కడ సాకెటే మేలు. పోత ఇనుములో దిగిన స్టడ్డయితే మాత్రం నా ఓటు స్ప్లిటర్‌కే. నట్టు చుట్టూ దాని రింగు తొడిగి మర బిగిస్తే, లోపలి ఉలి నట్టును పక్క నుంచి చీలుస్తుంది, స్టడ్డు మీద మెలి పడదు. ఉలి మొన నట్టు చదునైన వైపు ఆనాలి, మూల మీద కాదు. మెల్లగా బిగిస్తూ పోయి, పగిలిన చప్పుడు రాగానే ఆపాలి. ఇంకా బిగిస్తే మరలు దెబ్బతింటాయి. అప్పటికీ కదలకపోతే ఎదురు వైపు కూడా చీల్చాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్క ఎగిరితే కంటికే ప్రమాదం. దీనికీ లోటు లేకపోలేదు: బోల్టు తలకు పనికిరాదు, చుట్టూ రింగు దూరే చోటు లేకపోతే చేతులెత్తేస్తుంది.

గ్రిప్ ప్లయర్ చిన్న నట్లకు సరిపోతుంది. పైప్ రెంచ్ ఇంకేదీ లేనప్పుడే. గ్యాస్‌తో కాల్చడం పాత పద్ధతి, కానీ పనిచేస్తుంది. 16 మి.మీ. బోల్టుకు పట్టే నట్టు 300 డిగ్రీలు వేడెక్కితే దాని రంధ్రం సుమారు 0.06 మి.మీ. పెరుగుతుంది. వెంట్రుక మందమే అయినా తుప్పు పట్టు వదలడానికి చాలు. బోల్టు వేడెక్కకముందే తిప్పాలి, దగ్గర్లో ఆయిల్ సీల్ ఉంటే ఆ పని పెట్టుకోవద్దు.

ఈసారి నేను 24 నట్టు దాకా పట్టే స్ప్లిటరే కొన్నాను. కల్టివేటర్ విప్పాల్సి వచ్చినప్పుడు సాకెట్ల సెట్టు మా బావమరిది దగ్గర అడుక్కుంటున్నా.