బొమ్మ కనిపిస్తే రికార్డయితున్నట్టు కాదు: కంప్యూటర్ మీద సీసీ కెమెరాలు పెట్టించుకునే దుకాణదారులు జర పైలం

వరంగల్, హన్మకొండ, కాజీపేటల చిన్న దుకాణాలు నడుపుకునే అన్నలు, అక్కలు, కెమెరాలకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది ఒక్కసారి చదవండి. నాకు జరిగింది మీకు జరగొద్దని రాస్తున్న.

మాది ఎనుమాముల మార్కెట్ దిక్కు ఎరువులు, పురుగుమందుల దుకాణం. ముందట షాపు, ఎనుక గోదాము. మిర్చికి తామర పురుగు మందులు చూడనీకి చిన్న సీసాలే గానీ, ఒక్క పెట్టె పోయిందంటే చాలా రోజుల లాభం పోయినట్టే. అందుకే ఫిబ్రవరిల నాలుగు కెమెరాలు పెట్టిద్దామనుకున్న. వచ్చిన మనిషి ఎన్‌వీఆర్ డబ్బా (కెమెరాల రికార్డింగ్ కోసమే ఉండే మిషన్) వద్దన్నడు. "అన్నా, అది ఒక్క పనికే వస్తది. కంప్యూటర్ పెట్టుకుంటే బిల్లింగ్ దాంట్లనే, కెమెరాలు దాంట్లనే. నెల రోజుల రికార్డింగ్ ఉంటది" అని చెప్పిండు. కంప్యూటర్, 1 టీబీ హార్డ్ డిస్కు, కెమెరాలు, స్విచ్చి, వైరు, కూలి అన్నీ కలిపి 41 వేలు. బిల్లు అడిగితే చిట్టీ మీద రాసిచ్చిండు. పెద్ద మానిటర్ మీద నాలుగు గళ్లల్ల నాలుగు బొమ్మలు సాఫ్‌గ కనిపించినయ్. నేను మురిసిపోయి అక్కడికక్కడ ఫోన్ల పైసలు కొట్టిన.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగూకక ముందే షట్టర్ దించి ఇంటికి పోయినం. దసరా వెళ్లినంక వచ్చి తెరిస్తే గోదాము ఎనుక కిటికీ ఊచలు వంచి ఉన్నయ్. మందుల పెట్టెలు ఆరు లేవు. కంప్యూటర్ బంద్ ఉన్నది. ఠాణాకు పోతే వాళ్లు ముందుగాల అడిగింది ఫుటేజీనే. ఆన్ చేసి వెతికితే ఆ రాత్రిదే కాదు, అంతకు ముందు పద్దెనిమిది రోజులది కూడా లేదు. ఆ పద్దెనిమిది రోజులు నేను గల్లా కాడ కూసోని రోజూ ఆ నాలుగు బొమ్మలు చూస్తనే ఉన్న. ఎనుక ఒక్క నిమిషం కూడా డిస్కుల పడుతలేదని నాకెట్ల తెలుస్తది?

బిగించినాయనకు ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అన్నా, దానికి మా పూచీ లేదు" అన్నడు. తర్వాత ఫోన్ ఎత్తుడే బంద్ చేసిండు. కరీంనగర్‌ల మెడికల్ షాపు నడిపే మా బామ్మర్దికి ఈ పని తెలుసు. ఆదివారం వచ్చి ఒక్కొక్కటి ఇప్పి చూపిచ్చిండు.

మొదలు హార్డ్ డిస్కు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది, డిస్కు ఇప్పటిదాకా ఎన్ని గంటలు తిరిగిందో అది చెప్తది. నేను కొని ఏడున్నర నెలలు. రాత్రింబగళ్లు నడిచినా 5,500 గంటలు దాటొద్దు. దాంట్ల చూపించింది 31 వేల పై చిలుకు. అంటే మూడున్నర ఏండ్లు ఆగకుండ తిరిగిన పాత డిస్కును కొత్తదని చెప్పి నాకు అంటగట్టిండు. పక్కన పసుపు రంగుల హెచ్చరిక కూడా ఉన్నది, డిస్కుల చెడిపోయిన జాగాలు పెరుగుతున్నయని. పైగా అది మామూలు డెస్క్‌టాప్ డిస్కు. కెమెరాలకు డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అని వేరే డిస్కులే ఉంటయ్. అవి 24 గంటలు రాస్తనే ఉండేటట్టు, ఏడాదికి 180 టీబీ దాకా తట్టుకునేటట్టు చేసినయ్. సీగేట్ వాళ్ల 'బారాకుడా' అనే మామూలు డిస్కుకు కంపెనీ రాసుకున్న లెక్క ఏడాదికి 55 టీబీ, 2,400 గంటలు. ఏడాదిల ఉన్నయే 8,760 గంటలు. ఇగ మామూలు డిస్కు కెమెరాల పనికి ఎట్ల ఆగుతది?

నెల రోజుల మాట కూడా లెక్కకు నిలవలేదు. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265ల (వీడియోను చిన్నగ చేసి దాచే పద్ధతి) సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21 జీబీ పైన పడ్తది. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీల పది పదకొండు రోజులకన్న ఎక్కువ పట్టది. పాత హెచ్.264 అయితే దాదాపు దాంట్ల సగం రోజులే. నెల కావాలంటే 3 టీబీకి తక్కువ పనికిరాదు, 4 తీసుకుంటే నిమ్మళం. ఈ లెక్క కాగితం మీద చేసి చూపియ్యమని అడగండి. చెయ్యలేనోడు మీ దుకాణంల కాలు పెట్టొద్దు.

ఆ రాత్రి కంప్యూటర్ ఎందుకు బంద్ అయిందంటే కరెంటు పోయి వచ్చింది, గంతే. కరెంటు వచ్చినంక దానంతటదే లేవాలంటే బయోస్‌ల (విండోస్ కన్న ముందు లేచే కంప్యూటర్ సెట్టింగుల జాగా) ఒక సెట్టింగ్ మార్చాలె. మార్చలేదు. లేచినా విండోస్ పాస్‌వర్డ్ కాడ ఆగుతది, ఎవరో లోపలికి పోయి సాఫ్ట్‌వేర్ తెరిస్తే తప్ప రికార్డింగ్ మొదలుగాదు. ఎవరూ లోపలికి పోకున్నా దానంతటదే నడిచేటట్టు, సర్వీసు లెక్క సాఫ్ట్‌వేర్‌ను పెట్టాలె, అది కూడా చెయ్యలేదు. యూపీఎస్ అసలే లేదు. సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ. డిస్కు నిండినంక పాతది చెరిపేసి కొత్తది రాసుకోవాలె గదా, అక్కడనే అది తన్నింది. విండోస్ 10 కూడా లైసెన్సు లేనిదే. దానికి 2025 అక్టోబర్ 14తోని మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. ఇప్పుడు ఎవరన్న కొత్త సిస్టంల విండోస్ 10 వేసిస్తమంటే ఒప్పుకోకండి.

గోదాము కెమెరా సంగతి మొదటి నెలనుంచే నాకు అనుమానం ఉండె. పగలు మంచిగనే ఉంటది, చీకటి పడంగనే బొమ్మ పోయి వస్తది. "మంచు వల్ల అన్నా" అన్నడు, నమ్మిన. అసలు కథ వైరుల ఉన్నది. మా బామ్మర్ది బ్లేడుతోని తీగను గీకి చూపిచ్చిండు, పైన రాగి రంగు, లోపల తెల్లగ అల్యూమినియం. అది రాగి పూత వైరు. కెమెరాకు కరెంటు కూడా ఆ వైరుల నుంచే పోతది. షాపు నుంచి గోదాముకు 60 మీటర్లు. రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్ల కనిపించేటందుకు కెమెరాలనే ఉండేవి) వెలగంగనే ఎక్కువ కరెంటు గుంజుకుంటది, అంత దూరం అల్యూమినియం తీగల వోల్టేజీ పడిపోయి కెమెరా బంద్ అయి మళ్ల లేస్తది. మనకు కెమెరాతోని పనిపడేదే రాత్రి. వైరు బండిల్ మీద అసలు రాగి అని రాసి ఉన్నదా చూడండి, మీ కండ్ల ముందు ఒక ముక్క గీకించండి.

బిగించినాయన కెమెరాల పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చిందే వదిలేసిండు. ఫోన్ల చూసుకునేటందుకని రౌటర్‌ల పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికొచ్చే దారి) కూడా బార్లా తెరిచి పెట్టిండు. 2016ల మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతట కెమెరాలు, డీవీఆర్లను పట్టుకున్నది ఇసువంటి పాస్‌వర్డ్‌ల తోనే. బిగించిన రోజే మార్పించుకోండి.

కంప్యూటర్ పద్ధతే చెడ్డదని నేను అంటలేను. మా బామ్మర్ది దుకాణంల పాత కంప్యూటర్ మీద విండోస్ బదులు లినక్స్, కెమెరాల రికార్డింగ్‌కు జోన్‌మైండర్ వేసుకున్నడు, రెండూ ఉచితమే. పర్పుల్ డిస్కు, యూపీఎస్ పెట్టుకున్నడు. బిల్లింగ్‌కు వేరే మిషన్. నాలుగేండ్లయింది, మంచిగ నడుస్తున్నది. కానీ దాన్ని చూసుకునే మనిషి దుకాణంలనే ఉన్నడు. నా లెక్క పొద్దంత రైతులతోని మాట్లాడేటోళ్లకు ఎన్‌వీఆర్ డబ్బానే నయం అని ఇప్పుడు అనిపిస్తున్నది. కంప్యూటర్ 60 వాట్లు గుంజితే నెలకు 43 యూనిట్లు, అది కూడా కమర్షియల్ మీటర్ మీద. డబ్బాకు డిస్కుతో కలిపి దాంట్ల నాలుగో వంతు చాలు.

ఏది పెట్టించుకున్నా పూర్తి పైసలు ఇచ్చే ముందు ఒక రాత్రి ఆగండి. తెల్లారి అతన్ని పిలిచి, నిన్న రాత్రి 3 గంటలది నాలుగు కెమెరాల రికార్డింగ్ చూపియ్యమనండి. తర్వాత మీ చేతితోని మెయిన్ స్విచ్చి బంద్ చేసి ఐదు నిమిషాలకు వెయ్యండి. ఎవ్వరూ ముట్టకుండ మళ్ల రికార్డింగ్ మొదలైతేనే మిగిలిన పైసలు ఇయ్యండి. స్క్రీన్ మీద గడియారం కూడా మీ ఫోన్‌తోని పోల్చుకోండి. నాది 40 నిమిషాలు ఎనుక ఉండె. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వీడియోను కోర్టుకు ఇచ్చేటప్పుడు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు నంబరు) తోని సర్టిఫికెట్ కూడా పెట్టాలె. టైమే తప్పుంటే అవతలి వకీలు మొదలు పట్టుకునేది దాన్నే.

జీఎస్టీ బిల్లుల డిస్కు, కెమెరాల సీరియల్ నంబర్లు రాయించుకోండి. ఆ నంబరు డిస్కు కంపెనీ వెబ్‌సైట్‌ల కొడితే వారంటీ ఉన్నదా లేదా అక్కడనే తెలుస్తది. నా దగ్గర చిట్టీ తప్ప ఏం లేదు. ఫోన్ల పైసలు కొట్టిన ఆధారం ఉన్నదని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసిన. డిస్కు గంటల ఫొటో, గీకిన వైరు ఫొటో కూడా జతచేసిన. ఇంక నడుస్తనే ఉన్నది.

అదే మనిషి మార్కెట్ దిక్కు ఇంకో రెండు మూడు దుకాణాలకు బిగించిండని విన్న. మీరు కంప్యూటర్ మీద కెమెరాలు పెట్టించుకుని ఉంటే, ఎవరు బిగించినా సరే, ఇయ్యాలనే నిన్న రాత్రి రికార్డింగ్ తీసి చూడండి, డిస్కు గంటలు చూడండి. పది నిమిషాల పని. తెల్వకుంటే మొహమాటపడకుండ నన్ను అడగండి, పొద్దుగాల దుకాణం తెరిచే ముందు వచ్చి నేనే చూపిస్త.