రెవిట్ మోడల్ నుంచి డక్ట్ షాపు దాకా: ఆరేళ్లు వాడాక

బాలానగర్‌లో మాది డక్ట్ షాపు, అంటే ఏసీ గాలి వెళ్లే రేకు గొట్టాలు తయారుచేసే చోటు. బిల్డింగ్‌కి ఏసీ డిజైన్ చేసే కన్సల్టెంట్ రెవిట్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసి ఇచ్చిన మోడల్‌ని కటింగ్ మెషీన్ దాకా చేర్చడం ఆరేళ్లుగా నా పని.

3డీ మోడల్ చేతికొస్తే సగం పని అయిపోయినట్టే అనుకునేవాణ్ని మొదట్లో. మోడల్‌లో డక్ట్ అంటే పది మీటర్ల ఒకే గొట్టం. షాపులో అలాంటిది ఉండదు. మా కాయిల్ (రేకు చుట్ట) వెడల్పు 1250 మి.మీ., రెండు చివర్లా టీడీఎఫ్ ఫ్లాంజ్ మడతకు (ముక్కల్ని ఒకదానికొకటి బిగించే అంచు) పోతే ముక్క పొడవు 1200 కూడా రాదు. ఏ గేజ్ (రేకు మందం), ఏ సీమ్ (రేకు అంచుల అతుకు) అన్నది కన్సల్టెంట్ గీసిన డక్ట్‌లో ఉండదు. ఆయనకు అక్కర్లేదు కూడా.

రెవిట్‌లో 2016 వెర్షన్ నుంచి ఉన్న ఫ్యాబ్రికేషన్ పార్ట్స్, అంటే షాపులో నిజంగా తయారయ్యే ముక్కలు, ఈ లోటు తీరుస్తాయి. 'డిజైన్ టు ఫ్యాబ్రికేషన్' నొక్కితే మామూలు డక్ట్ పోయి మన డేటాబేస్‌లోని (షాపు ముక్కల కొలతలు, రేకు మందాల పట్టికలు ఉండే చోటు) ముక్కలొస్తాయి. ఎంఏజే ఫైలుగా పంపితే కామ్‌డక్ట్ అనే షాపు సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది, అక్కడ నెస్టింగ్ చేసి (రేకు వృథా కాకుండా ముక్కల్ని సర్ది) రేకు కోసే ప్లాస్మా మెషీన్‌కి ఇస్తాం. కొలతలు మళ్లీ టైపు చేసే పని లేదు. ఆ ఒక్కదానికే దండం పెట్టొచ్చు. చేతిరాతలో 1ని 7గా చదివి కోసిన డక్ట్ ఒకటి ఇప్పటికీ షాపు మూలన చెత్తబుట్టగా పనిచేస్తోంది.

అసలు కష్టం డేటాబేస్‌తోనే. డక్ట్‌లకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 655 ప్రకారం పెద్ద వైపు 750 మి.మీ. దాటితే 0.8 మి.మీ. మందం రేకు వాడాలి. మా పట్టికలో అది తప్పుగా ఉంటే షాపు కంప్యూటర్‌లో సరిచేశాను. డ్రాయింగ్ చేసే కుర్రాడి దగ్గర పాత కాపీ ఉందన్న సంగతే మర్చిపోయాను. ఒక ఫ్లోర్‌లోని 900 మి.మీ. వెడల్పు డక్ట్‌లన్నీ 0.63 మి.మీ. రేకులో దిగాయి. మేస్త్రి ఒకటి ఎత్తి చూసి, "ఇది రేకు కాదు సార్, అప్పడం" అన్నాడు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే. ఇప్పుడు డేటాబేస్ సర్వర్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది, మార్పు చేసినప్పుడల్లా రెవిట్‌లో రీలోడ్ కొట్టాల్సిందే.

మార్చిన ముక్కల్ని మళ్లీ డిజైన్ డక్ట్‌గా వెనక్కి తెచ్చుకోలేం. రివిజన్ వస్తే ఆ లైన్ మళ్లీ చేసుకోవాలి. అందుకే డ్రాయింగ్ అప్రూవ్ అయ్యేదాకా నేను ఆ బటన్ జోలికి వెళ్లను. ఐఎఫ్‌సీ (వేరే సాఫ్ట్‌వేర్ల మధ్య మోడల్ ఇచ్చిపుచ్చుకునే ఫైలు రకం) ఫైలు లింక్ చేస్తే డక్ట్ ఆకారం కనిపిస్తుంది గానీ కనెక్షన్లు ఉండవు. క్లాష్, అంటే డక్ట్ దేనికైనా అడ్డం తగులుతోందా అని, చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. రెవిట్ మోడలే ఇచ్చినా, తగిలినట్టు కనిపించి అసలు కలవని డక్ట్‌లు బోలెడు. అవి వెతకడానికే ఒక పూట పోతుంది.

డేటాబేస్ కుదుర్చుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. నెలకో చిన్న పని చేసే షాపుకి ఇదంతా దండగ.

సైట్ కుర్రాళ్లకు నచ్చింది మాత్రం స్టిక్కరే. ముక్క మీద ఏ నంబరుందో డ్రాయింగ్‌లోనూ అదే. ఫొటో పెట్టి "ఇదెక్కడిది సార్" అని అడగడం బాగా తగ్గింది. వానకి స్టిక్కర్లు ఊడిపోతున్నాయని ఈ మధ్య పక్కనే మార్కర్‌తో కూడా రాయిస్తున్నాను.