కిరాయికి తిరిగే ట్రాక్టర్ తొట్టి: 2017 నుంచి వాడకం, ఫిట్‌నెస్ సంగతులు

రాజాం దగ్గర మా ఊళ్లో 2017 మొదట్లో హైడ్రాలిక్ తొట్టి కొన్నాం. రెండు చక్రాలది, జాకీతో వెనక్కి ఎత్తి సరుకు దించేది. కోతలప్పుడు ధాన్యం, చలికాలంలో సంకిలి ఫ్యాక్టరీకి చెరకు, ఎండాకాలం ఇటుక, కంకర. వానలు పడ్డాక తప్ప దీనికి విశ్రాంతి లేదు. మోసే పనిలో వంక పెట్టడానికేమీ లేదు. ఇరుసు గట్టిది, జాకీ సీలు మార్చాం, కమాను పట్టీలు మార్చాం, అడుగు రేకుకి అతుకు వేయించాం. ఇన్నేళ్ల వాడకానికి అది మామూలే.

నేను రాయాలనుకున్నది మాత్రం ఫిట్‌నెస్ గురించి, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రవాణా శాఖ తనిఖీ చేసి ఇచ్చే కాగితం గురించి. కొత్త తొట్టి కొనేవాళ్లు రేకు మందం చూస్తారు, టైర్లు చూస్తారు, జాకీ ఎన్ని టన్నులు ఎత్తుతుందో అడుగుతారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసే లైట్లు, వైరింగు, రేడియం టేపు గురించి ఒక్కరూ అడగరు. మా డ్రైవర్లు రాత్రిపూట క్షేమంగా ఇంటికి రావడానికి పనికొచ్చేవి అవే.

ముందు చట్టం సంగతి. ‘ట్రాక్టర్‌కి ఫిట్‌నెస్ ఏంటి’ అని మా వైపు చాలామంది అంటారు. వ్యవసాయ ట్రాక్టర్ నాన్ ట్రాన్స్‌పోర్ట్ (కిరాయికి కాని బండి) కిందకు వస్తుంది, నిజమే. కానీ తొట్టి తగిలించి కిరాయికి సరుకు తోలితే అది గూడ్స్ బండే. 1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఇలాంటి బండికి ఫిట్‌నెస్ లేకపోతే రిజిస్ట్రేషన్ ఉన్నా చెల్లనట్టే. తొట్టికి ఇంజిన్ లేదు కదా అని కూడా అనుకోకూడదు. దానికి వేరే సీ బుక్కు, వేరే నంబరు ఉంటాయి. లాగే ట్రాక్టర్ నంబరు తొట్టి వెనక కనబడాలని 61వ సెక్షన్ చెబుతోంది. మా బావ ట్రాక్టర్‌కి మా తొట్టి తగిలించిన రోజుల్లో వెనక నంబరు పలక కూడా మార్చాల్సిందే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది నంబర్లే. పాలసీలో తొట్టి నంబరు రాసి ఉందో లేదో మీరూ ఒకసారి చూసుకోండి.

కొత్త బండికి మొదటి ఫిట్‌నెస్ రెండేళ్లు. ఒకప్పుడు ఆ తర్వాత ఏటా వెళ్లాల్సి వచ్చేది. 2018 నవంబరులో నిబంధన మార్చాక ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏడాదికోసారి అయింది. మా తొట్టి ఇప్పుడు ఏటా వెళ్లే లెక్కలోకి వచ్చేసింది. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనంగా పడుతుంది. వానాకాలమంతా తొట్టి షెడ్డులోనే ఉంటుంది కాబట్టి గడువు ఎవరికీ గుర్తుండదు. కోతలు మొదలయ్యేసరికి ఆ 50లన్నీ కలిసి పెద్ద మొత్తం అవుతుంది. ఇక 2022 ఏప్రిల్‌లో మా మండలం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలో కలిసింది. చిరునామాలో జిల్లా పేరు మారింది గానీ తొట్టి నంబరులో శ్రీకాకుళం కోడ్ ఏపీ 30 అలాగే ఉంది.

తనిఖీ రోజు ఎక్కువ టైమ్ తినేది ఛాసిస్ నంబరు. ముందు బారు మీద కొట్టిన అంకెలు తుప్పు, గ్రీజు, ఏటేటా వేసే రంగు కింద పూడిపోతాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకె అంకెగా పడాలి. మూడు ఎనిమిదిలా కనబడితే మళ్లీ మొదటికొస్తుంది. ముందురోజే కిరోసిన్ గుడ్డతో తుడిచి, సన్న ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్ది, పైన కాస్త గ్రీజు పూసి ఉంచితే చాలు. పెయింటర్‌కి కూడా ఆ చోటు వదిలేయమని ముందే చెప్పాలి.

లైట్లతో పడ్డ బాధ అంతా ఇంతా కాదు. షెడ్డులో వెలిగేవి, రోడ్డెక్కగానే మిణుకు మిణుకు. బల్బులు మార్చాం, హోల్డర్లు మార్చాం. చివరికి రాజాంలో ఒక ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి, ‘ఏటి బాబూ, ఎర్త్ పిన్ను మీదుగా తీసుకున్నారు, గ్రీజులోంచి కరెంటు ఎలా పోద్ది’ అన్నాడు. తొట్టి చేసిన షెడ్డువాళ్లు ఎర్త్ వైరు వేయకుండా, తొట్టిని ట్రాక్టర్‌కి తగిలించే హుక్కు పిన్ను తగలడమే ఎర్త్ అనుకుని వదిలేశారు. ఏడు పిన్నుల సాకెట్లో ఎర్త్‌కి వేరే వైరు లాగి, మొత్తం వైరింగు పైపులో పెట్టించాక ఆ గొడవ పోయింది. కొత్త తొట్టి కొంటే ఈ ఒక్కటీ ముందే అడగండి.

రేడియం టేపు ముందు తెల్లది, పక్కల పసుపు, వెనక ఎరుపు. షెడ్డువాళ్లు అంటించిన పల్చటి స్టిక్కర్ మొదటి వానాకాలానికే ఊడిపోయింది. అసలు తప్పు అతికించే చోట్లో ఉంది. అందరూ వెనక డాలా (కిందికి దించే తలుపు రేకు) మీద అంటిస్తారు. చెరకుకి డాలా దించేస్తాం, గడలు వెనక్కి వేలాడతాయి. అప్పుడు టేపు కిందికి వెళ్లిపోతుంది, డేంజర్ లైటు ఆకుల చాటున పడిపోతుంది. జనవరి పొగమంచులో వెనక వచ్చే లారీకి ఇక మన తొట్టి ఎలా కనబడుతుంది? అందుకే లైట్లు, టేపు రెండూ డాలా కింద ఛాసిస్ బారుకి ఇంకో జత పెట్టించాం. లోడు ఎక్కాక డ్రైవర్ దిగి, వెనక్కి వెళ్లి చూడాలని నియమం పెట్టుకున్నాం. ఫిట్‌నెస్ కాగితం జేబులో ఉన్నా ఇది మానకూడదు. తనిఖీ జరిగేది ఖాళీ తొట్టికి, రోడ్డు మీద తిరిగేది నిండు తొట్టి.

తొట్టికి సొంత బ్రేకు లేకపోవడం నాకు ఇప్పటికీ నచ్చని విషయం. ట్రాక్టర్ బ్రేకే మొత్తం బరువును ఆపాలి. వంతెన దిగుడులో కంకర లోడు ముందుకు తోస్తుంటే ట్రాక్టర్ వెనక భాగం పక్కకి జరగడం నేనూ సీట్లో కూర్చుని చూశాను. అప్పటి నుంచి దిగుడుకి ముందే చిన్న గేరు వేయాలి, కుడి, ఎడమ చక్రాలకి విడివిడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్లనీ లాక్ వేసి కలిపాకే రోడ్డెక్కాలి. లోడు కూడా తగ్గించాం. ఓవర్‌లోడుకి 2019 నుంచి జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి రెండు వేలు. జరిమానా లేకపోయినా తగ్గించాల్సిందే. పెళ్లిళ్లకీ, తీర్థాలకీ జనాన్ని ఎక్కించమని చుట్టాలే అడుగుతారు. మొహమాటపడకుండా కుదరదని చెబుతున్నాం.

ఈ తొట్టి ఇంకొన్నేళ్లు వస్తుంది. తర్వాత కొంటే బ్రేకులున్న నాలుగు చక్రాల తొట్టే, ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకి పనికొస్తుందని తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్) రెండూ చేతికిచ్చే తయారీదారు దగ్గరే కొంటాం. ఆ కాగితాలు తర్వాత ఇస్తామనే చోట అడ్వాన్సు కూడా ఇవ్వం.