చర్చి హాల్లో ట్రేబేక్‌లు: పదిన్నర దాటితే ఖాళీ ప్లేట్లే

ముందే చెప్పేస్తున్నా, ఇది కేఫూ కాదు, బేకరీ కూడా కాదు. బయట బోర్డు ఉండదు, కార్డు తీసుకోరు, రెండు మూడు నెలలకోసారి ఒక శనివారం పొద్దున 10 నుంచి 12 దాకా తెరుస్తారు. 12 అనేది కూడా పేరుకే, పదిన్నర దాటాక వెళ్తే ప్లేట్లలో కాస్త కొబ్బరి పొడి తప్ప ఏమీ మిగలదు. లిస్బర్న్‌లో మా ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఉన్న ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చి హాలు ఇది, ఇక్కడ దొరికేవి ట్రేబేక్‌లు, అంటే ట్రేలో చేసి ముక్కలుగా కోసే తీపి వంటకాలు. చర్చి పేరు రాయట్లేదు. ఒక కారణం, రాయక్కర్లేదు: నార్తర్న్ ఐర్లండ్‌లో మీరు బాలిమీనాలో ఉన్నా, కోల్‌రేన్‌లో ఉన్నా, న్యూటౌనార్డ్స్‌లో ఉన్నా దగ్గర్లో ఇలాంటి హాలు ఒకటి ఉండే ఉంటుంది, అందులో కాస్త అటూ ఇటూగా ఇవే దొరుకుతాయి. రెండో కారణం స్వార్థం. జనం పెరిగితే నాకు మిగలవు.

మొదటిసారి పక్కింటి పెద్దావిడ కాగితం ఒకటి తలుపు సందులోంచి వేసి వెళ్ళింది. "కాఫీ మార్నింగ్, అందరికీ స్వాగతం, ట్రేబేక్ స్టాల్ కూడా ఉంది" అని. వెళ్ళాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాం, లోపలికి అడుగు పెడితే కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తారేమో అని కాస్త టెన్షన్. అలాంటిదేమీ జరగలేదు. నాలుగేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు కానీ, ఎవరైనా నన్ను గట్టిగా అడిగింది ఒక్కటే, టీనా కాఫీనా అని. పాస్టర్ గారు బల్లబల్లకీ వచ్చి చెయ్యి కలుపుతారు, ఎక్కడ పని చేస్తున్నారు అంటారు, ఎండ వచ్చింది చూశారా అంటారు, వెళ్ళిపోతారు.

హాలు చూడ్డానికి ఏమీ బావుండదు, అది కూడా చెప్పాలి. నేల మీద బ్యాడ్మింటన్ గీతలు, గోడకి బాయ్స్ బ్రిగేడ్ (చర్చి అబ్బాయిల సంఘం) ఫొటోలు, కూర్చుంటే కిర్రుమనే కుర్చీలు, మడత బల్లల మీద తెల్ల కాగితం పరుస్తారు. గుమ్మంలో కూర్చున్న పెద్దాయనకి ఐదు పౌండ్లు ఇస్తే టీ, స్కోన్ (బన్ను లాంటి చిన్న రొట్టె), ఇంకా బల్ల మీద పెట్టిన ప్లేట్లోంచి ఎన్ని ముక్కలు తిన్నా ఎవరూ లెక్కపెట్టరు. ఇంటికి తీసుకెళ్ళాలంటే వేరే స్టాల్, ఆరు ముక్కల ప్లేటు క్లింగ్ ఫిల్మ్ చుట్టి మూడు పౌండ్లకి ఇస్తారు. టీ గురించి ఒక్క మాట. రెండు పిడులున్న పెద్ద అల్యూమినియం కెటిల్‌లో తెచ్చి పోస్తారు, మన టీ కాదు, కానీ ఇక్కడి వాళ్ళు టీ చిక్కగా తాగుతారు, బెల్‌ఫాస్ట్ కంపెనీ పుంజానా టీపొడి అయితే రంగు దిగుతుంది కూడా. ఇంగ్లండ్‌లో తాగిన రంగునీళ్ళతో పోలిస్తే ఇది ఎంతో నయం.

ఇక అసలు సంగతి. ట్రేబేక్ అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్తున్నా, ఒక పెద్ద ట్రేలో ఒకేసారి చేసి, బర్ఫీ కోసినట్టు ముక్కలు కోసేది ఏదైనా ట్రేబేకే. పేరులో బేక్ ఉంది కానీ వీటిలో సగానికి ఒవెన్ మొహమే తెలియదు, ఫ్రిజ్‌లోనే గట్టిపడతాయి. ఒక దానికైతే ట్రే కూడా అక్కర్లేదు, అయినా అది ఈ బల్ల మీదే ఉంటుంది, దాని పేరు ఫిఫ్టీన్స్.

ఫిఫ్టీన్స్ కోసమే నేను వెళ్ళేది. పేరులోనే లెక్క ఉంది: 15 డైజెస్టివ్ బిస్కెట్లు, 15 మార్ష్‌మాలోలు (స్పాంజిలా మెత్తగా ఉండే తీపి బిళ్ళలు), 15 గ్లాసే చెర్రీలు, అంటే చక్కెర పాకంలో ఊరినవి. బిస్కెట్లు పొడి కొట్టి, మార్ష్‌మాలోలూ చెర్రీలూ తరిగి వేసి, కండెన్స్‌డ్ మిల్క్‌తో కలిపి, బొంగులా చుట్టి, ఎండుకొబ్బరి పొడిలో దొర్లించి ఫ్రిజ్‌లో పెడతారు. తర్వాత చక్రాలుగా కోస్తే 15 ముక్కలొస్తాయి, రావాలని లెక్క. మనకి కండెన్స్‌డ్ మిల్కూ కొబ్బరీ కలిస్తే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే కొత్తగా అనిపించలేదు, ఎక్కడో తిన్నట్టే ఉంది, మధ్యలో ఆ చెర్రీ తగిలాక మాత్రం ఇది మనది కాదని గుర్తొస్తుంది. ఇక్కడ హాల్లో దొరికేదానికీ కేఫుల్లో మూడు పౌండ్లు పెట్టి కొనేదానికీ తేడా ఎక్కడంటే తడిలో. కేఫుల్లో రెండు మూడు రోజులు అద్దాల పెట్టెలో కూర్చుని బిస్కెట్ పొడి మొత్తం మెత్తబడి ముద్దయిపోతుంది. ఇక్కడ శుక్రవారం రాత్రి చుట్టి శనివారం పొద్దున కోస్తారు, బిస్కెట్ ఇంకా కాస్త పలుకుగా తగులుతుంది, మరీ పొడి కొట్టకుండా అక్కడక్కడా చిన్న ముక్కలు వదిలేస్తారు. అది చేసేది పొట్టిగా, నీలం కార్డిగన్ వేసుకునే ఒకావిడ. పాలు ఎంత పోస్తారని అడిగితే చేత్తో పిసికి చూపించింది, ఇలా పట్టు వచ్చేదాకా అని. డబ్బా మొత్తం పొయ్యకు, జావైపోతుంది అని కూడా చెప్పింది. నేను ఇంట్లో సరిగ్గా ఆ తప్పే చేశాను, చెంచాతో తిన్నాం.

తర్వాత కారమెల్ స్క్వేర్. ఇంగ్లండ్‌లో మిలియనేర్స్ షార్ట్‌బ్రెడ్ అంటారు దీన్నే. కింద షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్ పొర, మధ్యలో కారమెల్, పైన చాక్లెట్. చూడ్డానికి ఇంత సులువుగా ఉండేదాన్ని పాడు చెయ్యడం కూడా అంతే సులువు. సూపర్‌మార్కెట్ వాటిలో కారమెల్ పలచగా రాస్తారు, కింద పొర ఇటుకలా ఉంటుంది. ఇక్కడ మూడు పొరల్లో కారమెలే మందం. వెన్న, చక్కెర, గోల్డెన్ సిరప్, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి అడుగంటకుండా కలుపుతూనే ఉండాలట, చెయ్యి ఆపితే నల్లటి మచ్చలొస్తాయి. ఒకసారి నా ముక్కలో అలాంటి మచ్చ రెండు కనిపించాయి, నిజం చెప్పాలంటే ఆ మాడిన రుచి నాకు నచ్చింది, కానీ కెటిల్ పట్టుకొచ్చిన ఆవిడ నా ప్లేటు చూసి ఇది మా వదిన చేసింది అని గొంతు తగ్గించి చెప్పింది. ఇంకో విషయం, పైన చాక్లెట్ పొర కోసేటప్పుడు పగిలి కారమెల్ పక్కలనుంచి పిసికినట్టు బయటికి వస్తుంది కదా, వీళ్ళ ముక్కలు మాత్రం గీత గీసినట్టు ఉంటాయి. కరిగించిన చాక్లెట్‌లో ఒక చెంచా నూనె కలిపి, పూర్తిగా గట్టిపడకముందే వేడినీళ్ళలో ముంచిన కత్తితో గాట్లు పెట్టి ఉంచుతారట. ఈ ఒక్క చిట్కా చాలు, నా ఐదు పౌండ్లు గిట్టుబాటయ్యాయి.

మిగతావి గబగబా. ఫ్లేక్‌మీల్ బిస్కెట్లు, అంటే ఓట్స్‌తో చేసేవి, ఇక్కడ ఓట్స్‌ని ఫ్లేక్‌మీల్ అంటారు, తీపి తక్కువ, టీలోకి ఇవే బెస్ట్. మాల్టీజర్ (గుండ్రటి చాక్లెట్) స్క్వేర్స్ పిల్లలకి. టాప్ హ్యాట్స్ అంటే చిన్న కాగితం కప్పులో చాక్లెట్ పోసి మార్ష్‌మాలో గుచ్చి పైన స్మార్టీ (రంగు చాక్లెట్ బిళ్ళ) అంటించడం, మా అమ్మాయికి ప్రాణం, నాకు అర్థం కాలేదు. పెప్పర్‌మింట్ స్క్వేర్ తింటే టూత్‌పేస్ట్ గుర్తొచ్చింది. నిమ్మకాయ స్లైస్ ఒక శనివారం అద్భుతంగా ఉంది, ఇంకో శనివారం కింద పొర పచ్చిగా ఉంది. ఎవరు చేశారో దాన్నిబట్టి ఉంటుంది, ఇది ఫ్యాక్టరీ కాదు.

నాకు అర్థమైనంతలో ఈ రుచికి కారణం కూడా అదే. ఒక్కొక్కరిదీ ఒక్కో ఐటమ్, ముప్ఫై నలభై ఏళ్ళుగా అదే చేస్తుంటారు, ఆవిడ బతికుండగా ఇంకొకరు అది తేరు. కొన్నది తెచ్చి ప్లేట్లో సర్దితే పైకి ఏమీ అనరు కానీ ఆ ప్లేటుని బల్ల చివరికి జరుపుతారు, ఇది నేను కళ్ళారా చూశాను. చర్చిలో ఏం జరిగినా ట్రేబేక్ ఉండాల్సిందే: కోతల పండగ ప్రార్థనకి, పిల్లల బ్రిగేడ్ వార్షికోత్సవానికి, కొత్త పాస్టర్ వచ్చినప్పుడు, ఎవరైనా పోయినప్పుడు సమాధి దగ్గర్నుంచి హాలుకి వచ్చాక కూడా. ఒక ట్రేలో పాతిక ముక్కలొస్తాయి, నలుగురు నాలుగు ట్రేలు తెస్తే వందమందికి సరిపోతుంది, స్పూన్లక్కర్లేదు, డబ్బాలో పెడితే వారం ఉంటుంది. ముక్క చిన్నది కాబట్టి నాలుగు రకాలు తీసుకున్నా ఆబగా కనిపించం.

ఇక్కడి ప్రెస్బిటేరియన్లలో ఎక్కువమంది 1600ల్లో స్కాట్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ వారసులు, 2021 జనాభా లెక్కల్లో నార్తర్న్ ఐర్లండ్ మొత్తం మీద ప్రెస్బిటేరియన్లు 16.6 శాతం. మందూ జూదమూ అంటే వీళ్ళలో చాలామంది దూరం. 1829లో జాన్ ఎడ్గర్ అనే బెల్‌ఫాస్ట్ పాస్టర్ ఇంట్లో ఉన్న విస్కీని కిటికీలోంచి పారబోశాడట, మద్యం వద్దనే ఉద్యమం ఇక్కడ అలా ఊపందుకుంది. మందు లేదు, లాటరీ టికెట్లు అమ్మి డబ్బు పోగుచెయ్యడం లేదు, ఇక నలుగురు కూడితే మిగిలింది టీ, తీపి. పైకప్పు రిపేరుకో, ఆఫ్రికాలో ఆసుపత్రికో డబ్బు కావాలంటే బల్ల మీద ట్రే పెట్టాల్సిందే. శనివారమే ఎందుకంటే ఆదివారం అమ్మకం కుదరదు, ఆ రోజు ఆరాధన తర్వాత ఇవే ముక్కలు ఉచితంగా పెడతారు. (ఈ ప్రాంతంలో పెద్ద షాపులు ఆదివారం మధ్యాహ్నం 1 నుంచి 6 దాకానే తెరుస్తారు, కొత్తగా వచ్చినవాళ్ళు గుర్తుపెట్టుకోండి, నేను మొదటి ఆదివారం పాలు లేక ఇబ్బంది పడ్డాను.) క్యాథలిక్ హాళ్ళలో దొరకవా అంటే దొరుకుతాయి, అక్కడా బ్రహ్మాండంగా చేస్తారు, కారమెల్ స్క్వేర్‌కి మతం లేదు. కానీ బల్ల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిండా ట్రేబేక్‌లే ఉండటం నేను చూసింది మాత్రం ఇలాంటి హాళ్ళలోనే.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. తీపి చాలా ఎక్కువ, మూడో ముక్కకి పళ్ళు జివ్వుమంటాయి, షుగర్ ఉన్నవాళ్ళు స్కోన్ దగ్గరే ఆగండి. ఏ ముక్కలో ఏముందో కాగితం మీద రాసి పెట్టరు, నట్స్ పడని వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. షాపుల్లో అయితే 14 రకాల అలర్జీ పదార్థాల సంగతి చెప్పి తీరాలి, ఇక్కడ అడిగితే వంటింట్లోకి కేకేసి కనుక్కుని చెప్తారు, ఓపిగ్గానే చెప్తారు, కానీ అడగాల్సింది మీరే. క్యూ ఒక పద్ధతిలో ఉండదు, తొమ్మిదిన్నరకే లోపల వాలంటీర్లు తమకి కావలసినవి పక్కన పెట్టేసుకుంటారని నా అనుమానం. అన్నట్టు, అన్ని హాళ్ళూ ఒకటి కాదు. ఇంకో ఊళ్ళో ఒక హాల్లో ఇంట్లో చేసినవి అని రాసి పెట్టి సూపర్‌మార్కెట్ రాకీ రోడ్ (బిస్కెట్ ముక్కలూ మార్ష్‌మాలోలూ కలిపిన చాక్లెట్) కోసి అమ్మారు, ప్యాకెట్ చెత్తబుట్టలో కనిపించింది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

శాకాహారులకి అన్నిటికన్నా ముఖ్యమైన విషయం: మామూలు మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది, ఈ దేశంలో ఎక్కువగా పంది నుంచి తీసిందే. అంటే ఫిఫ్టీన్స్, టాప్ హ్యాట్స్, చాలా రాకీ రోడ్‌లు మీకు పనికిరావు. మా ఆవిడ మొదటి ఏడాది ఈ సంగతి తెలియక రెండు ఫిఫ్టీన్స్ తినేసింది, తెలిశాక నాతో ఒక పూట మాట్లాడలేదు, నేనేదో చేసినట్టు. కారమెల్ స్క్వేర్, ఫ్లేక్‌మీల్ అయితే మాకు ఇబ్బంది రాలేదు, గుడ్డు తినని వాళ్ళు మాత్రం అడిగి తీసుకోండి.

వెళ్ళేవాళ్ళు చిల్లర పట్టుకెళ్ళండి, ఇరవై పౌండ్ల నోటు ఇస్తే ఐస్‌క్రీమ్ డబ్బాలో చిల్లర వెతకడానికి ముగ్గురు పడతారు. 9:50కి గుమ్మం దగ్గర ఉండండి. సొంత డబ్బా తీసుకెళ్తే ఇంకో ముక్క ఎక్కువ పడుతుంది, నాకు ప్రతిసారీ పడింది. వాళ్ళ టిన్‌లో పెట్టి ఇస్తే తిరగేసి చూడండి, అడుగున ప్లాస్టర్ ముక్క మీద ఇంటిపేరు రాసి ఉంటుంది, అది తిరిగి ఇవ్వాల్సిందే. మా ఆవిడ ఖాళీ టిన్ ఎలా ఇస్తాం అని మురుకులు పోసి పంపింది. తర్వాతి కాఫీ మార్నింగ్‌లో ఆ మురుకులు ఎలా చేస్తారని నలుగురు నన్ను పట్టుకున్నారు, నాకేం తెలుసు.

రేటింగ్ అంటే ఫిఫ్టీన్స్‌కి 5కి 5, కారమెల్ స్క్వేర్‌కి 5, కుర్చీలకి 1, మొత్తం మీద నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను. జెలటిన్ గురించి కార్డిగన్ ఆవిడతో మాటల్లో అన్నాను, ఫిర్యాదుగా కాదు, మా ఆవిడ ఎందుకు తినదో అడిగిందని చెప్పాను. పోయిన నెల వెళ్తే బల్ల మీద ఒక ప్లేటు విడిగా ఉంది, "వెజిటేరియన్ ఫిఫ్టీన్స్" అని వంకర అక్షరాలతో కాగితం, శాకాహార మార్ష్‌మాలోలు ఎక్కడో వెతికి తెచ్చి చేసిందట. నేను ఆలస్యమై 10:20కి చేరాను. అప్పటికే ఊళ్ళోవాళ్ళు కొత్తరకం అనుకుని ఆ ప్లేటు మీద పడ్డారు, రెండే మిగిలాయి. రెండూ జేబురుమాల్లో చుట్టుకుని మా ఆవిడకి తెచ్చిచ్చాను, ఒకటి దారిలో కాస్త కొరికిన మాట నిజమే.